ఇద్దరు చాలన్నవాళ్లే ఇప్పుడు ఇంకా కనమంటున్నారు: ఎందుకు మారారు, జనం వింటారా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి పోటీకి పనికిరారని 1994లో చట్టం చేసిన ఆంధ్రప్రదేశే 2024లో ఆ నిబంధన తీసేసింది, పైగా ఎక్కువమందిని కనమంటోంది. అప్పుడు చేసింది తప్పా, ఇప్పుడు చేస్తున్నది తప్పా? ఇలా చెబితే జనం కంటారా? మా మండలంలో పుట్టుకలు నిజంగా తగ్గాయో లేదో నేనే ఎలా చూసుకోవాలి?

మొదటిదానికి నా జవాబు: రెండుసార్లూ దిశ సబబే. ఎంచుకున్న పద్ధతి, సమయం మాత్రం రెండుసార్లూ తప్పాయి. జనాభా విధానాలు దాదాపు ఎప్పుడూ ఒక తరం ఆలస్యంగా వస్తాయి. అధికారంలో ఉన్నవాళ్లు మొత్తం జనాభా అంకె చూసి నిర్ణయం తీసుకోవడమే దీనికి పెద్ద కారణం. జననాల పట్టికలతో పనిచేసేవాళ్లు ఆ అంకెను ఆఖర్న చూస్తారు. ముందు చూసేది, బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్లు ఎందరున్నారు, అందులో ఏ వయసువాళ్లు ఎందరు అన్నది.

ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి ఊహించుకున్న అంకెలే, కానీ మన దగ్గర జరిగింది ఈ వరసలోనే. 1,000 మంది తల్లులు, ఒక్కొక్కరికి సగటున నలుగురు పిల్లలు, మొత్తం 4,000 కాన్పులు. మామూలుగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు కాబట్టి ఇందులో ఆడపిల్లలు సుమారు 1,950. చిన్నతనంలో పోయినవాళ్లు పోగా 1,800 మంది తల్లులయ్యారనుకుందాం. వీళ్లు ఆపరేషన్లు చేయించుకుని సగటున 2.2 మందితో ఆపేశారు. 1,800ని 2.2తో హెచ్చవేస్తే 3,960. అంటే ఒక్కో తల్లి కనే పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయినా ఆ ఊళ్లో పుట్టుకలు అంతకుముందులాగే ఉన్నాయి. ఆ రోజుల్లో బయటినుంచి చూసినవాడికి "ఇంత ప్రచారం చేసినా జనాభా ఆగడం లేదు" అనిపించడం సహజం. ఒత్తిడి పెంచుదామన్న ఆలోచన వచ్చేది సరిగ్గా అప్పుడే.

ఇక మూడో తరం. ఆ 3,960లో ఆడపిల్లలు సుమారు 1,930, తల్లులయ్యేది 1,870 మంది. సగటు 1.6 అనుకుంటే 2,990 కాన్పులు. నాలుగో తరంలో తల్లులు 1,430 మందే మిగులుతారు. సగటు 1.6 దగ్గరే ఉంటే కాన్పులు 2,290. సరే, ప్రభుత్వం చెప్పిందని వాళ్లంతా 2.1 మందిని కన్నారనుకుందాం. అయినా వచ్చేది 3,000. మొదట ఉన్న 4,000 తిరిగి రాదు, ఎందుకంటే కనాల్సిన తల్లులు పుట్టనే లేదు. పెరిగేటప్పుడు తరం పాటు ఆగకుండా పెరగడానికి, తగ్గేటప్పుడు అంతే మొండిగా తగ్గడానికి కారణం ఒకటే.

ఇప్పుడు అసలు అంకెలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981 నుంచి 1991 మధ్య 24 శాతం పెరిగింది. ఆ అంకె చూసే 1990లలో భయపడ్డారు. తర్వాతి పదేళ్లలో పెరుగుదల 14.6 శాతానికి, 2001-2011 మధ్య 11 శాతానికి జారింది. దేశం మొత్తం ఆ చివరి దశకంలో 17.7 శాతం పెరిగింది. ఒక స్త్రీ కనే పిల్లల సగటు, అంటే మొత్తం సంతాన సాఫల్య రేటు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో 2.6, 2005-06లో 1.8, 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కొన్ని ఊళ్లు, వార్డులను నమూనాగా తీసుకుని జనన మరణాలు లెక్కించే నమూనా నమోదు వ్యవస్థ 2020 లెక్కలో రెండు రాష్ట్రాలదీ 1.5. తేదీలు గమనించండి: 2005-06 నాటికే మనం జనాభా నిలకడకు కావాల్సిన 2.1 కిందికి దిగిపోయాం. ఇద్దరు పిల్లల నిబంధన మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు దాకా చట్టంలో ఉంది. తెలంగాణ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం రాసుకుంటూ కూడా దాన్ని అలాగే ఉంచింది. అప్పటికే అక్కడి రేటు 1.8. దాన్ని ఎత్తేయాలని అక్కడి మంత్రివర్గం నిర్ణయించింది 2025 అక్టోబరులో.

ఆ నిబంధన వల్లే కాన్పులు తగ్గాయని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నేను ఒప్పుకోను. పోటీ చేసేవాళ్లు ఊరికి కొద్దిమందే. మిగతా వందల జంటలకు ఆ చట్టంతో పనేలేదు. పైగా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ప్రభావాన్ని పరిశీలించిన నిర్మలా బుచ్ అధ్యయనంలో బయటపడినవి వేరే: భార్యను వదిలేయడం, బిడ్డను దత్తతకు ఇచ్చేశామని చూపించడం, ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించడం. భారం పడింది ఆడవాళ్ల మీద. సుప్రీంకోర్టు 2003లో హర్యానా కేసులో ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనంది, నిజమే. రాజ్యాంగబద్ధమైనంత మాత్రాన పనిచేసినట్టు కాదు. హర్యానాయే 2006లో దాన్ని రద్దు చేసుకుంది.

మరి తగ్గించిందేమిటి? కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు ప్రధానం. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే గర్భం రాకుండా గొట్టాలు కట్టే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో 62 శాతం, దేశ సగటు 38. మగవాళ్ల వేసెక్టమీ లెక్కలోకి రానంత స్వల్పం. 1976-77 ఎమర్జెన్సీ ఏడాదిలో దేశంలో జరిగిన 80 లక్షలకు పైగా ఆపరేషన్లలో ఎక్కువ భాగం మగవాళ్లవి. ఆ బలవంతానికి జనం ఎన్నికల్లో బదులు చెప్పాక కార్యక్రమం మొత్తాన్ని ఆడవాళ్ల మీదికి తిప్పేశారు. ఇన్ని ఆపరేషన్లు చేయించాలన్న లక్ష్యాల పద్ధతిని కేంద్రం 1996లో వదులుకుంది, కానీ 1997లో సొంత జనాభా విధానం తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్‌ఎంల మీద ఒత్తిడి మాత్రం తగ్గలేదు.

ఆపరేషన్ దారి చూపింది, ఆ దారిన నడవాలనుకున్నది జంటలే. 1991లో రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 33 శాతం దాటలేదు. చదువు పెరిగితేనే కాన్పులు తగ్గుతాయన్న సూత్రానికి మనం లొంగలేదు. బిడ్డలు బతుకుతారన్న నమ్మకం వచ్చింది, పిల్లల్ని పనికి పంపడం కన్నా ఇంగ్లీషు మీడియం బడికి పంపాలన్న ఆశ పుట్టింది, ఫీజు, కట్నం రెండూ ముందే లెక్కకొచ్చాయి. పొదుపు సంఘాల్లో కూర్చున్న ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు ఆపేశారు.

ఇందులో ఒక విషయాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన దగ్గర మామూలు వరస ఇలా ఉంటుంది: పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు పెళ్లి, ఏడాదిలో మొదటి కాన్పు, రెండు మూడేళ్లకు రెండోది. మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ చాలావరకు సిజేరియనే. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లు. రెండో సిజేరియన్ బల్ల మీదే, పొట్ట కుట్టే ముందు, గొట్టాలు కట్టేస్తారు. "ఎలాగూ కోశాం కదా, మళ్లీ ఎందుకు" అన్న మాట ప్రసూతి వార్డుల్లో రోజూ వినపడేదే. అంతటితో ఆ అమ్మాయి కాన్పుల కథ పాతికేళ్లు నిండకముందే ముగుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, "ఇంకా కనండి" అన్న పిలుపు ఎవరికి? పెళ్లయి ఇద్దరున్న ఇంట్లో అది చెవిన పడినా చేయగలిగింది లేదు. గొట్టాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స ఉంది గానీ, అది అందరికీ ఫలించదు. క్లిప్పు లేదా రింగు వేసినచోట కొంత ఆశ ఉంటుంది. గొట్టం ముక్క కోసి తీసేసినచోట మిగిలిన పొడవు సరిపోకపోతే కలిపినా గర్భం నిలవదు, గొట్టంలోనే గర్భం వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. వయసు ముప్పై ఐదు దాటితే అవకాశాలు ఇంకా తగ్గుతాయి. రెండు సిజేరియన్ల తర్వాత మూడోది అంటే మాయ (ప్లాసెంటా) పాత కోత మచ్చకు అతుక్కుని విపరీతమైన రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. మూడో బిడ్డ గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు మొదటి కాన్పులో అనవసరమైన సిజేరియన్లు తగ్గించడం ఎవరైనా తలకెత్తుకోవాలి. సంబంధం లేని రెండు శాఖల పని అనిపిస్తుంది గానీ, మన రాష్ట్రాల్లో సంతాన రేటును కదిలించగల వాటిలో ఇదొకటి.

పిలుపు వర్తించేది ఇంకా పెళ్లికాని అమ్మాయిలకు, ఒక్క బిడ్డతో ఆగిన జంటలకు. వీళ్ల లెక్క వేరు. డిగ్రీ, ఉద్యోగం, ఆ తర్వాత పెళ్లి. ఇక్కడే వార్తలు చదివేవాళ్లు తరచూ పొరబడే చోటొకటి ఉంది. సంతాన రేటు ఎలా కడతారో తెలిస్తే ఆ పొరపాటు అర్థమవుతుంది. 15 నుంచి 49 ఏళ్ల దాకా ఐదేసి ఏళ్ల చొప్పున ఏడు గుంపులు చేస్తారు. ఒక ఏడాదిలో ఒక్కో గుంపులోని ప్రతి 1,000 మందికి ఎన్ని కాన్పులయ్యాయో రాస్తారు. ఉదాహరణకు 35, 150, 90, 35, 8, 2, 0 అనుకోండి. కూడితే 320. ఒక్కో గుంపులో ఐదేళ్లు గడుపుతారు కాబట్టి ఐదుతో హెచ్చవేసి 1,000తో భాగిస్తే 1.6. అంటే ఇది నిజంగా ఏ ఒక్క స్త్రీ జీవితమూ కాదు, ఒకే ఏడాదిలో వేర్వేరు వయసులవాళ్లు కన్నదాన్ని కలిపి కుట్టిన లెక్క. ఇరవై ఒకటికి కనాల్సినవాళ్లు ఇరవై ఏడుకి వాయిదా వేస్తున్న కాలంలో, చిన్న వయసుల గడులు ఖాళీ అవుతాయి, పెద్ద వయసుల గడులు ఇంకా నిండవు. సగటు ప్రసవ వయసు ఏటా 0.1 సంవత్సరం చొప్పున పెరుగుతుంటే రేటు అసలుకన్నా సుమారు పదో వంతు తక్కువగా కనిపిస్తుంది. 1.5 అని కనిపించినచోట అసలు 1.67 దాకా ఉండొచ్చు. 2019-21లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఆ పెళ్లిళ్లు ఆగితీరాలి. ఆగుతున్నకొద్దీ రేటు ఇంకొంత పడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ఎవరూ బెంబేలెత్తి ఆడపిల్లలకు త్వరగా పెళ్లి చేయమని చెప్పకూడదు.

ఇంకో చిన్న సంగతి. జనాభా నిలకడకు 2.1 కావాలంటారు కదా, అది అన్నిచోట్లా ఒకటే కాదు. 105కి 100 నిష్పత్తిలో పుడితే 2.05 సరిపోతుంది, మరణాలు కలిపితే 2.1. 2018-20లో దేశంలో 1,000 మంది మగపిల్లలకు పుట్టిన ఆడపిల్లలు 907 మందే. ఆ లెక్కన చూస్తే 2.2 దాకా కావాలి. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకునే సమాజానికి జనాభా నిలబెట్టుకోవడం కూడా కష్టమే.

ఇతర దేశాల అనుభవం మీరు అడగలేదు గానీ, పిలుపు పనిచేస్తుందా అన్నదానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. చైనాలో రేటు 5కు పైనుంచి 3 లోపుకు దిగింది 1970లలో, అంటే ఒక్క బిడ్డ చట్టానికి ముందు. ఆలస్యంగా పెళ్లి, కాన్పుల మధ్య ఎడం, తక్కువ పిల్లలు అన్న ప్రచారంతో. 1980 నుంచి అమలైన కఠినమైన నిబంధనను 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి సడలించారు. 2016లో దాదాపు 1.8 కోట్ల మంది పుడితే 2023లో పుట్టింది 90 లక్షల మంది. అనుమతి ఇచ్చినంత మాత్రాన ఎవరూ కనలేదు. రుమేనియా 1966లో ఏకంగా గర్భస్రావాలను నిషేధించింది. మరుసటేడే రేటు 1.9 నుంచి 3.7కి ఎగబాకింది, ఆపై మళ్లీ పడిపోతూ వచ్చింది. మిగిలింది దొంగచాటు గర్భస్రావాల్లో చనిపోయిన తల్లులు, అనాథాశ్రమాల్లో పిల్లలు. సింగపూర్ 1970లలో ఇద్దరితో ఆపమని, 1987లో స్తోమతుంటే ముగ్గురిని కనమని చెప్పింది. 2023లో అక్కడి రేటు 0.97. అదే ఏడాది దక్షిణ కొరియాది 0.72, అక్కడ నగదు ప్రోత్సాహకాలకు కొదవలేదు.

మరి మన నాయకులు ఇప్పుడే ఎందుకు గొంతెత్తారు? ముసలితనం ఒక కారణం, సీట్లు, డబ్బు ఇంకో కారణం. రెండోది దాచాల్సిన పని లేదు. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా దగ్గర ఆగి ఉంది. 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆ స్తంభన. ఆ జనగణన 2027లో వస్తోంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే పదిహేనో ఆర్థిక సంఘం 2011 జనాభాను ప్రాతిపదికగా తీసుకుని, సంతాన రేటు తగ్గించినందుకు 12.5 శాతం వెయిటేజీ ఇచ్చింది. అయినా పద్నాలుగో సంఘంతో పోలిస్తే పంచే పన్నుల్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం నుంచి 4.047కి, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కి తగ్గింది. ఢిల్లీ చెప్పిన మాట విని నష్టపోయామన్న బాధ న్యాయమైనదే. కానీ దానికి మందు ఆర్థిక సంఘం ముందు, పార్లమెంటులో వెతకాలి. ఈరోజు పుట్టిన బిడ్డ ఓటరు కావడానికి 18 ఏళ్లు పడుతుంది.

వయసు సంగతి మాత్రం వెంటనే పట్టించుకోవాల్సింది. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు 12.4 శాతం, దేశ సగటు 10.1. వచ్చే ముప్పై ఏళ్లలో అరవై దాటబోయేవాళ్లంతా ఇప్పటికే పుట్టి ఉన్నారు, కాబట్టి ఈ లెక్క తప్పదు. వృద్ధాప్య పింఛను, మండల స్థాయిలో ముసలివాళ్ల వైద్యం, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న తల్లిదండ్రులను చూసుకునే మనుషులు, బయటి రాష్ట్రాలనుంచి పనికి వచ్చేవాళ్లకు ఇక్కడ రేషను, బడి. కాన్పులు పెరిగినా పెరగకపోయినా ఇవి చేయక తప్పదు.

కనాలనుకుని ఆగిపోయిన జంటలకు అడ్డం తీయడం ప్రభుత్వం చేయగల పని. ప్రైవేటు ఉద్యోగినికి మొదటి ఇద్దరికి 26 వారాల ప్రసూతి సెలవు, మూడో బిడ్డకు 12 వారాలే. ఇది కేంద్ర చట్టం. మూడో బిడ్డను కనమంటూ దీన్ని ఉంచడం అర్థం లేనిది. యాభైమంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే చట్టం చెబుతుంది. అది ఎన్ని చోట్ల ఉందో కార్మిక శాఖ తనిఖీ చేస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. అంగన్‌వాడీ సాయంత్రం దాకా నడిస్తే పనికెళ్లే తల్లికి అదే పెద్ద ఊరట.

చివరిది, మీ మండలం లెక్క. గ్రామ పంచాయతీ జనన రిజిస్టరు చూసి తేల్చకండి. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. ఆసుపత్రి ఉన్న పట్టణంలో అంకె ఉబ్బుతుంది, పల్లెలో సున్నాకు దగ్గరవుతుంది. మొదటి కాన్పు పుట్టింట్లో అన్న ఆనవాయితీ వల్ల ఇంకా తికమక: మీ ఊరి కోడలి బిడ్డ వాళ్లమ్మగారి ఊరి పక్క పట్టణంలో నమోదవుతాడు. అందుకే ఏఎన్‌ఎం దగ్గర ఉండే గర్భిణుల నమోదు అడగండి, కానీ పుట్టింటికని వచ్చినవాళ్లను, ఇక్కడినుంచి పుట్టింటికి వెళ్లినవాళ్లను విడిగా రాసుకోవాలి. దాన్ని అంగన్‌వాడీలో ఏడాదిలోపు పిల్లల సంఖ్యతో సరిచూడండి. ఒకటో తరగతి చేరికలు చూస్తే ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ కలపండి, లేకపోతే ప్రైవేటుకు మారినవాళ్లను పుట్టనివాళ్లుగా లెక్కేస్తారు. చిన్న మండలంలో ఒక్క ఏడాది హెచ్చుతగ్గులు ఏమీ చెప్పవు. మూడేసి ఏళ్ల సగటు తీసి, కనీసం రెండు సగటులను పోల్చండి. అప్పుడు కూడా 20-29 ఏళ్ల ఆడవాళ్లు ఊళ్లో ఎందరున్నారో రాసుకోవాలి. వాళ్లు హైదరాబాదుకు తరలిపోయి ఉంటే మీ మండలంలో తగ్గింది కాన్పులు కనే తల్లులే గానీ, ఒక్కో తల్లి కనే పిల్లలు కాకపోవచ్చు.